ఖతార్ జీతం, హైదరాబాద్ ఇల్లు, ఇరవై ఏళ్ల లోను

దోహాలో నలుగురు తెలుగువాళ్లు ఒకచోట చేరితే పిల్లల స్కూలు సంగతులయ్యాక వచ్చే ప్రశ్న ఒక్కటే: "ఇంతకీ ఇండియాలో ఇల్లు కొన్నారా?" కొనకపోతే ఎందుకు కొనలేదో చెప్పాలి, కొంటే గజం ఎంత పడిందో చెప్పాలి. చలికాలం రాగానే ఇక్కడి హోటళ్లలో ప్రాపర్టీ షోలు మొదలవుతాయి. హైదరాబాద్ బిల్డర్లు స్టాళ్లు పెడతారు, పక్కనే బ్యాంకువాళ్లు కూర్చుంటారు. పాస్‌పోర్టు, ఖతార్ ఐడీ, జీతం కాగితం చూపిస్తే అరగంటలో "మీకు ఇంత వస్తుంది సార్" అని ఒక అంకె చెప్పేస్తారు. ఆ అంకె వినగానే మగవాళ్ల ముఖాలు వెలిగిపోతాయి. మావారి ముఖమూ వెలిగింది.

అంకె అబద్ధమేమీ కాదు. లోను వస్తుంది. కాకపోతే ఆ లోను ఇరవై ఏళ్లది. మన ఉద్యోగం కంపెనీ ఉంచుకున్నన్నాళ్లే, వీసా ఉద్యోగం ఉన్నన్నాళ్లే. అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉండేవాళ్లకు ఎప్పటికైనా గ్రీన్ కార్డో పౌరసత్వమో వస్తుందన్న ఆశ ఉంటుంది. గల్ఫ్‌లో మనకు తిరుగు ప్రయాణం ఖాయం, తేదీ మాత్రమే తెలియదు. 2020లో కరోనా వచ్చినప్పుడు మా బిల్డింగులోనే మూడు తెలుగు కుటుంబాలు నెలల వ్యవధిలో సామాన్లు సర్దుకున్నాయి. వాళ్లలో ఒకరికి ఊళ్లో హోమ్ లోను, ఇక్కడ పర్సనల్ లోను రెండూ ఉన్నాయి. నేను ఈ లెక్కలన్నీ కాగితం మీద పెట్టడానికి ఆ కుటుంబమే కారణం.

ఇక్కడే కొనకూడదా అని కొందరు అడుగుతారు. కొనొచ్చు. 2018 నాటి 16వ నంబరు చట్టం, 2020లో వచ్చిన క్యాబినెట్ నిర్ణయం ప్రకారం పెర్ల్, లుసైల్ లాంటి తొమ్మిది ప్రాంతాల్లో విదేశీయులకు పూర్తి యాజమాన్యం ఇస్తారు. ఇంకో పదహారు ప్రాంతాల్లో 99 ఏళ్ల వాడుక హక్కు ఉంటుంది. 7,30,000 రియాళ్లు పెట్టి కొంటే స్పాన్సరు లేకుండా రెసిడెన్సీ కూడా వస్తుంది. రియాల్ 24 రూపాయలనుకుంటే అది కోటీ డెబ్బై అయిదు లక్షలు. మన్సూరాలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండే మాలాంటివాళ్లకు అది వేరే లోకం.

మేం మొదట చూసింది బాచుపల్లి దగ్గర కడుతున్న 80 లక్షల ఫ్లాటు. 60 లక్షల లోను, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు. ఈఎంఐ సుమారు 52,070 రూపాయలు, అంటే దాదాపు 2,170 రియాళ్లు. వినడానికి ఏమంత భారం కాదు. నేను బీఎస్సీ ఫిజిక్స్ చదివాను. ఉద్యోగం చేయలేదు గానీ లెక్క కనిపిస్తే చేసి చూడకుండా ఉండలేను. మొదటి నెల కట్టే 52,070లో 42,500 వడ్డీకే పోతుంది. అసలులో తగ్గేది తొమ్మిదిన్నర వేలు. అయిదేళ్లు క్రమం తప్పకుండా కడితే మన జేబులోంచి 31 లక్షల పైచిలుకు వెళ్తుంది, కానీ అప్పు ఇంకా 52 లక్షల 88 వేలు మిగిలే ఉంటుంది. రేడియోధార్మిక పదార్థాలకు అర్ధాయువు అని చదువుకున్నాం కదా, ఈ అప్పు సగం కావడానికి ఎంత కాలం పడుతుందో చూశాను. 13 ఏళ్ల 10 నెలలు! మన దోహా బతుకు అన్నాళ్లు సాగుతుందని ఎవరు హామీ ఇస్తారు?

రూపాయి పడిపోతే మనకు కలిసొస్తుందిగా అన్నారు మావారు. అదీ నిజమే. రియాల్ 2001 నుంచి డాలరుకు 3.64 దగ్గర కట్టేసి ఉంది కాబట్టి డాలరు పెరిగితే రియాల్ కూడా పెరుగుతుంది. 2014 మొదట్లో రియాల్‌కు 17 రూపాయలు వచ్చేవి. అదే ఈఎంఐ ఇప్పుడు రియాళ్లలో ఎంతో తేలిక. కానీ ఆ తేలిక రియాళ్లలో సంపాదిస్తున్నంత కాలమే. ఇండియాకు వెళ్లిపోయిన మర్నాడు ఆ 52 వేలు రూపాయల జీతంలోంచి కట్టాలి.

"ఇరవై శాతం చేతిలో ఉంటే చాలు" అని స్టాళ్లలో చెప్పే మాట కూడా కొంచెం విప్పి చూసుకోవాలి. రిజర్వ్ బ్యాంకు నియమాల ప్రకారం 30 లక్షల లోపు లోనుకు ఇంటి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షల లోనుకు 80 శాతం దాకా, అది దాటితే 75 శాతం దాకా ఇవ్వొచ్చు. ఆ ఇంటి విలువలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు కలపరు. తెలంగాణలో అవి 2021 జులై నుంచి అన్నీ కలిపి 7.5 శాతం. కడుతున్న ఫ్లాటుకు జీఎస్టీ 5 శాతం అదనం. అంటే 80 లక్షల ఫ్లాటుకు 60 లక్షల లోను తీసుకుంటే మన చేతినుంచి 20 లక్షలు, రిజిస్ట్రేషన్‌కు 6 లక్షలు, జీఎస్టీకి 4 లక్షలు, మొత్తం 30 లక్షలు. పార్కింగు, కార్పస్ ఫండు, చెక్కపని ఇందులో లేవు. కప్‌బోర్డులు లేని ఇంట్లో ఎవరుంటారండీ!

ఆ 30 లక్షలంటే లక్షా పాతిక వేల రియాళ్లు. చాలామంది దీన్ని ఇక్కడి బ్యాంకులో పర్సనల్ లోను తీసుకుని సర్దుతారు. నాకు అసలు భయం ఇక్కడే. ఈ లోను సాధారణంగా నాలుగేళ్లలో తీర్చాలి. వడ్డీ లెక్కపెట్టకుండానే నెలకు 2,600 రియాళ్లు. దానికి ఊళ్లో ఈఎంఐ కలిపితే 4,800 దాకా వస్తుంది. అద్దె, స్కూలు ఫీజు, ఊరికి పంపే డబ్బు ఆ తర్వాతే. ఈలోగా ఉద్యోగం పోతే వచ్చే సర్వీసు డబ్బు ఎంత? ఖతార్ కార్మిక చట్టం ప్రకారం ఏడాదికి కనీసం మూడు వారాల బేసిక్. ఎనిమిదేళ్లు చేసినవాళ్లకు 24 వారాలది. అదీ బేసిక్ మాత్రమే, అలవెన్సులు ఉండవు. ఆ డబ్బు జీతం ఖాతాలో పడగానే బ్యాంకు ముందు తన బాకీ పట్టుకుంటుంది. ఇంకా మిగిలితే కోర్టుకు వెళ్లి దేశం దాటకుండా ట్రావెల్ బ్యాన్ పెట్టించే వీలుంది. ఊళ్లో ఇల్లు కట్టుకుని ఇక్కడ చిక్కుకుపోవడం అంటే ఇదే.

అందుకని నేనొక కొలత పెట్టాను. ఖతార్ జీతం ఆగిపోయి రేపే హైదరాబాద్ వెళ్తే, మావారి అనుభవానికి అక్కడ వచ్చే జీతంలో మూడో వంతుకు ఈఎంఐ మించకూడదు. కొత్త ఉద్యోగం దొరికేదాకా ఆరు నెలల ఈఎంఐ ఎన్నారీ ఖాతాలో ఫిక్స్‌డ్‌గా ఉండాలి. ఇక్కడ పర్సనల్ లోను ఉండకూడదు. దీని మీద మా ఇంట్లో రెండు శుక్రవారాలు గట్టిగానే వాదన నడిచింది. "కొనేది ఒకేసారి, కొంచెం పెద్దదే కొందాం, పిల్లలు పెద్దవాళ్లవుతున్నారు" అన్నది ఆయన మాట. అందులో తప్పులేదు. అద్దె వస్తుంది కదా అని కూడా అన్నారు. అలాంటి ఫ్లాట్లకు వచ్చే అద్దె ఈఎంఐలో సగం కూడా ఉండదు. పైగా ఓనరు ఎన్నారై అయితే అద్దెకున్నవాళ్లు దాదాపు 31 శాతం టీడీఎస్ కోసి ఇవ్వాలి. ఆ బాదరబందీ తెలిస్తే సగం మంది ఇల్లే వద్దంటారు.

చివరికి 65 లక్షల్లో, అయిదేళ్ల కిందట కట్టిన, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఉన్న ఫ్లాటు చూశాం. జీఎస్టీ లేదు. లోను 45 లక్షలు, ఈఎంఐ 39 వేలు. హాలు చిన్నది. మావారికి ఇప్పటికీ ఆ బాల్కనీ నచ్చదు.

ఇక కాగితాలు. ఇక్కడ జీతం మీద పన్ను లేదు కనుక చూపించడానికి ఫారం 16 లాంటిదేమీ ఉండదు. కంపెనీ ఇచ్చే శాలరీ సర్టిఫికెట్, ఉద్యోగ ఒప్పందం, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, ఎన్నారీ ఖాతా స్టేట్‌మెంటు, ఇక్కడి క్రెడిట్ రిపోర్టు అడిగారు. ఒప్పందం అరబిక్‌లోనే ఉంటే తర్జుమా చేయించాలి. మేం వెళ్లిన బ్యాంకు హౌసింగ్ అలవెన్సును జీతంలో కలపలేదు, కాబట్టి అర్హత మీరనుకున్నదానికంటే తగ్గొచ్చు. ఇంకో చిక్కు ఖతార్ ఐడీలో రాసే వృత్తి. చేసేది ఇంజినీరు పని, ఐడీలో ఉండేది వచ్చినప్పటి వీసాలో దొరికిన టెక్నీషియన్. ఇండియాలో ఫైలు చూసేవాళ్లకు ఇది అర్థం కాదు. కంపెనీ నుంచి హోదా వివరిస్తూ లెటరు తీసుకుంటే ఫైలు కదిలింది.

అన్నిటికంటే పెద్ద తలనొప్పి మన తెలుగు పేర్లు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా. పాన్ కార్డులో పేరు వెనక్కీ ముందుకీ. ఆడవాళ్లకైతే పెళ్లికి ముందు ఒక ఇంటిపేరు, తర్వాత ఒకటి, ఆధార్‌లో మరోటి. ఖతార్ ఐడీలో పాస్‌పోర్టు ప్రకారం అన్నీ కలిపి ఒకే వరసలో. నా పేరు నాలుగు కాగితాల్లో నాలుగు రకాలుగా ఉంది. ఇవన్నీ ఒకే మనిషివని అఫిడవిట్ ఇవ్వాల్సి వచ్చింది. ఇల్లు చూడటం మొదలుపెట్టకముందే పాన్, పాస్‌పోర్టు ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోండి. పాన్ సరిచేయించడం ఆన్‌లైన్‌లో అయిపోయే పని, తీరా రిజిస్ట్రేషన్ వారంలో బయటపడితే మాత్రం ప్రాణం తీస్తుంది.

దస్తావేజులో నా పేరు ఉండాలని నేను అడిగాను. సంపాదన లేకపోయినా సహ యజమాని కావచ్చు. కానీ యజమానుల్లో పేరుంటే బ్యాంకు లోనులోనూ సంతకం పెట్టిస్తుంది. ఆ సంతకంతో అప్పుకు నేనూ బాధ్యురాలినే. చాలామంది అక్కాచెల్లెళ్లు "ఇక్కడ పెట్టు" అన్నచోట పెట్టేస్తారు. పెట్టండి, కానీ మొత్తం ఎంత, ఎన్నేళ్లు, ఆయనకేమైనా అయితే ఏమిటి అని ముందు అడగండి. మన వీసా ఆయన ఉద్యోగం మీదే ఉంది. ఆయన లేని రోజున మనమూ ఇక్కడ ఉండలేం, ఈఎంఐ మాత్రం ఆగదు. అందుకే లోనుకు మించిన మొత్తానికి విడిగా టర్మ్ పాలసీ తీసుకున్నాం. 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద రాయిస్తే ఆ డబ్బు అప్పులవాళ్లకు పోకుండా భార్యాపిల్లలకే చెందుతుంది. పాలసీ తీసుకునేటప్పుడే ఆ సంగతి చెప్పాలి, తర్వాత కుదరదు.

బ్యాంకు లాయరు చూశాడు కదా అని ధీమాగా ఉండటం నాకు నచ్చదు. 2024 జులైలో హైడ్రా ఏర్పాటయ్యాక చెరువుల ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్లలో కట్టినవాటిని కూల్చడం టీవీల్లో చూశాం. అనుమతులున్నాయి, బ్యాంకు లోను కూడా ఇచ్చింది అని జనం ఏడుస్తూ చెప్పడమూ చూశాం. హెచ్‌ఎండీఏ వెబ్‌సైటులో చెరువుల మ్యాపులున్నాయి. దోహాలో కూర్చునే సర్వే నంబరు పెట్టి చూసుకోవచ్చు. ఈసీ కూడా 1983 నుంచి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. కొత్త ప్రాజెక్టయితే రెరా నంబరు చూడండి. రెరా చట్టం ప్రకారం రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. రెరా నంబరు రాకముందే ప్రీ లాంచ్ ధరంటూ మొత్తం కట్టమంటే, ఎంత చవకైనా లేచి వచ్చేయండి. ఒకవేళ ఎవరైనా వ్యవసాయ భూమి, ఫామ్‌హౌసు చూపిస్తే, ఫెమా నిబంధనల ప్రకారం ఎన్నారైలు అవి కొనడానికి లేదు.

మావారికి సెలవు దొరకలేదు. వేసవి సెలవులకు పిల్లలతో నేను ఎలాగూ వెళ్తాను కాబట్టి ఆయన స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ నా పేరు మీదే రాశారు. బ్యాంకు తన నమూనా తానే ఇస్తుంది, ముందే అడిగి తెప్పించుకోండి. దోహాలో ఇండియన్ ఎంబసీ అధికారి ముందు సంతకం చేయించాం. ఆ కాగితం ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు అక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. కరీంనగర్ నుంచి మా మామగారు వచ్చి నాతోపాటు రెండు రోజులు ఆఫీసుల చుట్టూ తిరిగారు. అమ్మేవాళ్లు ఇండియాలో ఉంటున్నవాళ్లే కాబట్టి ఒక శాతం టీడీఎస్, అంటే 65 వేలు, మినహాయించి మిగతాది ఇచ్చాం. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే ఆ బాధ్యత కొనేవాళ్లదే. అమ్మేవాళ్లు కూడా ఎన్నారైలైతే కోత చాలా ఎక్కువ, ఆడిటరును అడక్కుండా డబ్బు ఇవ్వకండి.

రిజిస్ట్రేషన్ అయ్యాక ఒరిజినల్ దస్తావేజులన్నీ బ్యాంకు తీసుకుంది. ఏమేం ఇచ్చామో జాబితా రాయించి, సంతకం, ముద్ర వేయించుకున్నాను. "అవసరం లేదు మేడమ్, మా సిస్టంలో ఉంటుంది" అన్నారు. రిజర్వ్ బ్యాంకు 2023లో ఇచ్చిన ఆదేశం ప్రకారం లోను తీరిన 30 రోజుల్లో కాగితాలన్నీ తిరిగి ఇవ్వాలి, వాళ్ల వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 చొప్పున చెల్లించాలి. ఏం ఇచ్చామో మన దగ్గర రాసి లేకపోతే ఏం రాలేదో ఎలా చెప్తాం? ఆ జాబితా ఒకటి దోహాలో మా ఫైల్లో, ఇంకోటి కరీంనగర్‌లో మామగారి బీరువాలో ఉన్నాయి.