వానను బంతులుగా కూర్చోబెడదాం

రండి బిడ్డా, ఇటు అరుగు మీదికి జరగండి. మబ్బు పట్టింది, ఇంకో పది నిమిషాల్లో చినుకులు పడతాయి. ఇంట్లో చాయ్ మరిగేలోగా మీకొక లెక్క చెప్తాను.

మన ఇంటి మిద్దె 100 గజాలు అనుకోండి. దాని మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే ఎన్ని నీళ్ళు? 836 లీటర్లు. మనం కొనుక్కునే 20 లీటర్ల క్యాన్లు 42 నిండుతాయి. 2020 అక్టోబరులో మన హైదరాబాదులో పెద్ద వాన పడినప్పుడు బేగంపేటలో 24 గంటల్లో కొలిచింది 19 సెంటీమీటర్లు. అంత వాన మన మిద్దె మీద పడితే దాదాపు 16 వేల లీటర్లు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు మూడింటి కంటే ఎక్కువ! ఎండాకాలంలో ఒక్క ట్యాంకర్ కోసం బిందెలు వరుసగా పెట్టుకుని ఎదురుచూస్తామా, అదే నీళ్ళు ఒక్క రోజులో మూడు ట్యాంకర్లు నెత్తిన కుమ్మరిస్తే ఇల్లు విడిచి పరుగెడతాం. ఈ లెక్క వేసుకున్నప్పుడల్లా నాకు ఆశ్చర్యమే.

ఇప్పుడు పెళ్ళి భోజనాలు గుర్తు తెచ్చుకోండి. ఐదు వందల మంది చుట్టాలు. హాల్లో వంద మందికే చోటు. అందరూ ఒక్కసారే తోసుకొస్తే ఏమవుతుంది? ఆకులు చిరుగుతాయి, సాంబారు ఒలుకుతుంది, ముసలివాళ్ళు కింద పడతారు. అదే ఐదు బంతులుగా కూర్చోబెడితే? మనుషులు వాళ్ళే, అన్నం అదే, హాలూ అదే, అందరూ కడుపు నిండా తిని తాంబూలం పుచ్చుకుని పోతారు. వాన నీళ్ళు పోయే మన నాలా ఆ భోజనాల హాలు. వాన చుట్టాలు. ఊరు మునిగేది నీళ్ళు ఎక్కువై మాత్రమే కాదు బిడ్డా, అన్నీ ఒకే బంతికి రావడం వల్ల కూడా.

మరి వెనకటికి వానను బంతులుగా ఆపింది ఎవరు? ముందు నేల. ఇసుక నేల గటగటా తాగుతుంది, బంకమట్టి మెల్లగా చప్పరిస్తుంది, రాయి నోరే తెరవదు. మన హైదరాబాదు కింద ఉన్నది గ్రానైటు రాయి. దాని పగుళ్ళలోకి దిగిన నీళ్ళే మన బోర్లలోకి వస్తాయి. పైనున్న మట్టి వానను పట్టుకుని కూర్చుంటేనే ఆ పగుళ్ళకు నెమ్మదిగా తాగడానికి తీరిక. పక్కనే బార్కస్ ఉంది కదా, నిజాం కాలంలో అరబ్బు సిపాయిల బ్యారక్‌లు ఉండబట్టి ఆ పేరు. బార్కస్ జామకాయలంటే ఊరంతా చెప్పుకునేవాళ్ళు. ఆ తోటల నేల ఎంత వాన తాగేదో! ఇప్పుడు వాకిళ్ళకు, గల్లీలకు, చెట్ల మొదళ్ళ దాకా సిమెంటు పూసేశాం. నేల నోరు మనమే కుట్టేశాం.

నేల తర్వాతి కాపలా చెరువులది. దక్షిణాన జల్‌పల్లి, బాలాపూర్ వైపు నేల ఎత్తు, ఉత్తరాన మూసీ పల్లం. మధ్యలో మనం. పెద్దలు ఆ వాలు చూసుకునే గొలుసుకట్టు చెరువులు కట్టారు. పై చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీళ్ళు కింది చెరువుకు, అది నిండితే ఇంకో దానికి. ఒక్కో చెరువూ చుట్టాలను కాసేపు కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చే వసారా. మత్తడి దారిలో గోడలు లేస్తే, చెరువు కడుపులో ప్లాట్లు పడితే ఆ వసారా ఏది? 2020 అక్టోబరు 13 రాత్రి పల్లెచెరువు కట్ట తెగి అల్ జుబైల్ కాలనీ మునిగింది. ఆ వారంలోనే బాలాపూర్ గుర్రంచెరువుకు గండి పడితే నీళ్ళు హాఫిజ్ బాబానగర్ మీదికి వచ్చాయి. నీటికి దాని దారి గుర్తుంటుంది బిడ్డా, దస్తావేజులు చూడదు.

ఆ రోజుల్లో ఆదుకున్నది ఎవరనుకున్నారు? పడవలు, జవాన్లు వచ్చారు, కాదనను. కానీ వాళ్ళకంటే ముందు పక్క మిద్దె వాళ్ళు తలుపు తీశారు. కుర్రాళ్ళు తాళ్ళు పట్టుకున్నారు, ఎవరి ఇంట్లో పొయ్యి తడవలేదో వాళ్ళు పది ఇళ్ళకు అన్నం వండారు. నీళ్ళు తీశాక మోకాలి లోతు బురద ఎత్తిందీ బస్తీవాళ్ళే.

మనుషులే కాదు, చెట్లూ ఆదుకుంటాయి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది బతికారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చెట్టు ఉంది, ఒకసారి మిమ్మల్ని తీసుకుపోతాను. అలాంటిదే చైనాలో ఒక కథ. కాంగ్‌జియాన్ యూ అనే పల్లెటూరి పిల్లాడు పొంగిన వాగులో పడి, ఒడ్డున ఉన్న చెట్ల కొమ్మలు, రెల్లు పట్టుకుని బయటపడ్డాడు. పెద్దయ్యాక, నీటి వేగాన్ని తగ్గించేది గోడ కాదు, గడ్డీ చెట్లూ అని నగరాలకు పాఠం చెప్పాడు. అలా నీటిని పట్టుకునే నగరాలకు స్పాంజి నగరాలని పేరు. అంట్లు తోమే స్పాంజి నీళ్ళు పీల్చి, పిండితే వదిలినట్టు ఊరు కూడా చేయాలన్నమాట.

మన వాకిట్లో ఆ స్పాంజే ఇంకుడు గుంట. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల లోతు. అడుగున పెద్ద రాళ్ళు, పైన కంకర, ఆపైన ఇసుక. రాళ్ళు నింపితే నీళ్ళకు చోటెక్కడిదని అడుగుతారు. వంటింట్లో పల్లీల డబ్బా నిండుగా ఉందనుకుని ఒక గ్లాసు నీళ్ళు పోసి చూడండి, అమ్మ తిట్టకపోతే! సందుల్లోకి దిగిపోతాయి. గుంటలో కూడా అలాగే వెయ్యి లీటర్ల దాకా పడతాయి. అంటే మన మిద్దె మీద పడే మొదటి సెంటీమీటరు వాన. 19 సెంటీమీటర్ల వానను అది ఒక్కటే ఆపలేదు, ఆ మాట దాచను. కానీ గల్లీలో యాభై ఇళ్ళు తవ్వితే యాభై వేల లీటర్లు మొదటి బంతిలోంచి లేచి పక్కన కూర్చుంటాయి. మరుగుదొడ్డి గుంతకు మాత్రం దూరంగా తవ్వాలి, లేకపోతే బోరు నీళ్ళు పాడవుతాయి.

ఇంకోటి. చాయ్ జాలీలో పొడి పేరుకుపోతే చాయ్ గ్లాసులోకి దిగదు, పక్కనుంచి ఒలుకుతుంది. నాలా మీది ఇనుప జాలీకి పాలకవర్లు, కొబ్బరి చిప్పలు అడ్డం పడితే జరిగేదీ అంతే. శుభ్రం చేస్తే ఏమవుతుందో చూడాలంటే సికింద్రాబాదు బన్సీలాల్‌పేట మెట్లబావికి పోండి. ఏళ్ళ తరబడి చెత్తతో పూడిపోయిన ఆ బావిని ఆర్కిటెక్టు కల్పనా రమేశ్ బృందం, నగరపాలక సంస్థ కలిసి బాగు చేయించాక, 2022 డిసెంబరులో మళ్ళీ జనం కోసం తెరిచారు. చెత్త తీస్తే అడుగున నీళ్ళు ఊరుతూనే ఉన్నాయి!

అదిగో, చినుకులు. చాయ్ కూడా వచ్చింది. ఆదివారం పొద్దున ఆరింటికి గల్లీ చివర జాలీ దగ్గర కలుద్దాం. నాలాలోకి ఎవరూ దిగొద్దు, పైన పడిన చెత్త తీస్తే చాలు. ఎదురింటి మామూను, మూలింటి అక్కను మీరే పిలవండి. గంప, పార నేను తెస్తాను.