పాత లారీ ఇంజన్లు ఎందుకంత గట్టివి?

1970ల్లో అమెరికా రహదారులపై సరుకు మోసిన పెద్ద లారీల్లో కమిన్స్ 855 డీజిల్ ఇంజన్ తరచూ కనిపించేది. వరుసగా ఆరు సిలిండర్లు, మొత్తం 855 ఘనపు అంగుళాలు, అంటే సుమారు 14 లీటర్లు. పేరులోని అంకె అదే.

అది అంతకాలం మన్నడానికి ఒక కారణం నెమ్మదితనం. పూర్తి బరువుతో నిమిషానికి దాదాపు 2,100 చుట్లే తిరిగేది. కారు పెట్రోల్ ఇంజన్ అయిదారు వేలు దాటగలదు. చుట్లు తగ్గితే రాపిడీ తగ్గుతుంది. పైగా డీజిల్ ఇంజన్లో స్పార్క్ ప్లగ్ ఉండదు. గట్టిగా నొక్కిన గాలి వేడికే ఇంధనం అంటుకుంటుంది. ఆ ఒత్తిడిని తట్టుకోవాలి కాబట్టి బ్లాకును మందపాటి పోత ఇనుముతో చేసేవారు.

అసలు తెలివి లైనర్‌లో ఉంది. పిస్టన్ కదిలే ఆ గొట్టాన్ని బ్లాకులో విడిగా దించుతారు. చుట్టూ చల్లబరిచే నీరు తిరుగుతుంది. అరిగితే గొట్టం, పిస్టన్, రింగులు మార్చితే చాలు. చాలాసార్లు ఇంజన్‌ను లారీ నుంచి దించే పనే ఉండదు. అయితే లైనర్ అదురుకు నీటిలో పుట్టే బుడగలు పగులుతూ దాని బయటి గోడకు గుంటలు పెడతాయి. నీటిలో తగిన రసాయనం కలపకపోతే చివరికి రంధ్రం పడి, నీరు లోపలికి చేరి ఇంజన్ పాడవుతుంది.

పనితీరులో మాత్రం పాతవి వెనకే. ఇంధనాన్ని కొలిచేవి యాంత్రిక భాగాలే. కొండ ఎక్కేటప్పుడు నల్లపొగ మామూలే. 1987లో వచ్చిన డెట్రాయిట్ డీజిల్ సిరీస్ 60లో ఆ పని ఎలక్ట్రానిక్ నియంత్రణకు మారింది. పొగ తగ్గింది, మైలేజీ పెరిగింది. రోడ్డు పక్క స్పానర్‌తో సరిచేసుకునే వీలు మాత్రం తగ్గింది.