అంగడిలో దొరకని పాట తిరిగి వచ్చింది



2023 డిసెంబరులో అమెరికాలో ఒక వింత జరిగింది. ఆ వారపు పాటల పట్టికలో మొదటి స్థానము బ్రెండా లీ అనే 78 ఏండ్ల గాయనికి దక్కింది. ఆ క్రిస్మస్ పాటను ఆమె పాడినది 1958లో, తన 13వ ఏట!

ఇంతకాలము ఆ పాటను ఎవరూ వినలేదా? ఏటేటా విన్నారు. కాని పూర్వము పట్టికలకు ముఖ్యమైన ఆధారము అంగడిలో అమ్మిన రికార్డులే. పండుగ కాగానే దుకాణదారుడు పాత సరుకు తీసివేసేవాడు. మరుసటి ఏడు కొత్త పాటలు వచ్చేవి. పాతది కావాలన్నా దొరికేది కాదు. దొరకని పాటకు లెక్క ఎక్కడిది?

అంగడికి పోకుండానే పాటను కంప్యూటరులోనికి, ఫోనులోనికి దించుకొనే డౌన్‌లోడ్ పద్ధతి వచ్చాక సంగతి మారింది. బ్రిటన్‌లో 2005 ఏప్రిల్ నుండి వీటిని లెక్కలో కలిపారు. అయితే రికార్డు అంగడిలోనూ ఉండాలని షరతు పెట్టారు. 2007 జనవరిలో ఆ షరతు పోయింది. ఆ డిసెంబరులోనే మరయా కేరీ 1994లో పాడిన పాట 4వ స్థానమునకు వచ్చింది. 2014 నుండి కొనకుండా ఫోనులో వినడము కూడా లెక్కకు వచ్చింది. వామ్ బృందము 1984లో పాడిన పాట 2021 జనవరి 1 నాటి పట్టికలో మొదటిదైంది.

(ఈ మూడు పాటలలో బేత్లెహేము లేదు, పశువుల తొట్టి లేదు. ఉన్నవి విందులు, ప్రేమికుల మాటలు. గుడిలో పాడుకోమని వీటిని చెప్పడము లేదు.)

మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల పాటలకు ఏ పట్టికా లేదు. పర్లాకిమిడి ప్రాంతములో 1803లో పుట్టి 1890లో ప్రభువునందు నిద్రించిన పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలను అక్షరము రాని తల్లులు కూడా కంఠతా పాడుతూ మనదాకా తెచ్చారు. ఇప్పుడు మన యౌవనస్థులు కూడా పాత క్రిస్మస్ కీర్తనలను ఫోనులో వెదకి వింటున్నారు. సంతోషమే.

అయితే ఒక చిక్కు ఉంది. ఫోనులో వచ్చే కీర్తనకు తరచుగా రెండు, మూడు చరణములే ఉంటాయి. మిగిలిన సమయమంతా వాయిద్యములు. గొల్లలు, జ్ఞానులు, హేరోదు కోపము వంటి సంగతులు చాలా కీర్తనలలో తరువాతి చరణములలో వస్తాయి. పిల్లలు ఫోను చూచి నేర్చుకొని క్యారల్స్‌కు బయలుదేరితే, మామ్మ నాలుగవ చరణము ఎత్తుకొనేసరికి డోలక్ ఆగిపోతుంది. కథ సగములో నిలిచిపోతుంది. పుస్తకములో అచ్చులో ఉన్నా, నోట లేని చరణము ఎంతకాలము బ్రతుకుతుంది?

కాబట్టి యౌవనస్థులారా, అదే ఫోనుతో మీ ఇంటి మామ్మ పాడే కీర్తనను అన్ని చరణములతో రికార్డు చేయండి. రాగము పేరు ఆమెకు తెలియకపోవచ్చు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో రాగము, తాళము కీర్తనకు పైననే ఉంటాయి. చలి ముదిరి గొంతు పట్టకముందే, నవంబరులోనే ఆమెను కూర్చోబెట్టండి.