పిల్లిని తెచ్చుకునే ముందు

"ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకుంటామా?" అని మన పెద్దలు ఊరికే అనలేదు. మేం ఇంచుమించు అంతపనీ చేశాం. నిప్పు పెట్టలేదు గాని, విషం పెట్టాం. దాని ఫలితం ఏ పాపమూ ఎరగని ఒక చిన్న ప్రాణం అనుభవించింది. ఆ పొరపాటు మీ ఇంట్లో జరగకూడదనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మాది బరంపురం. 1936లో ఒడిశా ఏర్పడి గంజాం ప్రాంతం ఇటు చేరేనాటికే మావారి తాతగారు ఇక్కడ మగ్గం నేస్తున్నారు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. ముందు గదిలో మగ్గం, వెనక గదిలో బియ్యం బస్తాలు, అటక మీద పట్టునూలు పెట్టెలు. అంటే ఎలుకలకు కూడూ గుడ్డా రెండూ మా ఇంట్లోనే దొరికేవన్నమాట!

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఆ వానలకు కలుగులన్నీ నీళ్ళతో నిండాయేమో, ఎలుకలు ఇళ్ళలోకి చేరాయి. ఒకనాటి పొద్దున మావారు అటక మీది పెట్టె దించారు. ఒక పెళ్ళివారి చీర కోసం రంగు వేయించి దాచిన పట్టు చిలపలు పీచుపీచుగా తెగి ఉన్నాయి. మధ్యలో కళ్ళు తెరవని ఎలుక పిల్లలు ఆరు! తల్లి ఎలుక కొరికింది తిండికి కాదు, పిల్లలకు పక్క వేయడానికి. పెళ్ళివారికి ఇచ్చిన మాట పోయింది. ఆ రోజు మావారు అన్నం ముట్టలేదు.

కంగారులో రెండు పనులు ఒకేసారి చేశాం. బజారులో ఎలుకల మందు బిళ్ళలు కొని మూలమూలలా పెట్టాం. అదే వారంలో మా అబ్బాయి వీధిలో దొరికిన నెల పిల్లికూనను చొక్కాలో వేసుకొని తెచ్చాడు. రెండు నెలలు గడిచేసరికి అది ఎలుకలు పట్టడం మొదలుపెట్టింది. నిజానికి అది పట్టినవి మందు తిని తూలుతున్న ఎలుకలు. ఆ సంగతి తెలియక మేం మురిసిపోయాం. వారం తిరక్కుండా దాని చిగుళ్ళ నుంచి నెత్తురు కారింది. పశువుల ఆసుపత్రికి పరుగెత్తాం.

"ఈ రకం మందు రక్తాన్ని గడ్డకట్టనివ్వదమ్మా. తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్నాళ్ళు తిరుగుతూనే ఉంటుంది. దాన్ని తిన్న పిల్లికీ ముప్పే. ముందుగా తెచ్చి ఉంటే విటమిన్ కె ఇచ్చి చూసేవాళ్ళం" అన్నారు డాక్టరుగారు. తిరుగుదారిలో మా అబ్బాయి నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

ఇంటికి రాగానే మిగిలిన బిళ్ళలన్నీ ఏరి పారేశాం. మళ్ళీ పిల్లి మాటెత్తడానికి కొన్ని నెలలు పట్టింది. ఈసారి మా అత్తగారు అడ్డుపడ్డారు. "పిల్లి ఎదురొస్తేనే అపశకునం, దాన్ని ఇంట్లోనే పెట్టుకుంటావుటే? పైగా ఎలుక వినాయకుడి వాహనం" అన్నారు. పక్కింటి ఒడియా మావుసీ నవ్వి, "మరి షష్ఠీదేవి వాహనం పిల్లే కదమ్మా! పిల్లలను కాచే తల్లి ఆవిడ" అంది. అత్తగారి దగ్గర దానికి జవాబు లేకపోయింది.

తొందరపడకుండా, డాక్టరుగారినీ మావుసీనీ అడిగి పిల్లిని ఎంచుకున్నాం. తెలుసుకున్నవి ఇవి.

మొదట తల్లిని చూడాలి. తల్లిపిల్లి ముందు చచ్చిన ఎలుకను, తర్వాత కొన ఊపిరితో ఉన్నదాన్ని తెచ్చి పిల్లల ముందు వదులుతుంది. అదే వాటి బడి. అందుకే వేటాడే తల్లి పిల్లను, పది పన్నెండు వారాలు తల్లి దగ్గర పెరిగినదాన్ని తెచ్చుకోవాలి. మా అబ్బాయి తెచ్చిన నెల కూనకు ఆ బడే దక్కలేదు.

రెండోది, పిల్లల్లో ఏది? మావుసీ చెల్లెలి ధాన్యం గిడ్డంగిలో నాలుగు పిల్లలున్నాయి. దారానికి కాగితం ఉండ కట్టి నేల మీద మెల్లగా లాగాం. ఒకటి పారిపోయింది, రెండు ఊరికే చూశాయి. నాలుగోది నేలకు కరుచుకుపోయి, తోక కొస కదిలిస్తూ కాచుకొని ఒక్క దూకు దూకింది. దాన్నే ఎంచుకున్నాం. కళ్ళు తేటగా ఉండాలి, ముక్కు కారకూడదు, చెవులు శుభ్రంగా ఉండాలి. ఒళ్ళు చిక్కి పొట్ట ఒక్కటీ ఉబ్బి ఉంటే నులిపురుగులున్నాయేమోనని అనుమానించాలి. మనిషి చేతికి అలవాటు పడినదైతే ఇంట్లో ఇముడుతుంది. రంగుతో పనిలేదు. డబ్బు పోసి కొనే పర్షియన్ పిల్లి ముద్దుకే గాని ఈ పనికి కాదు.

మూడోది, ఆడదా మగదా? ఆపరేషన్ చేయించని మగపిల్లి ఊరంతా తిరుగుతుంది, ఇంట్లో మూలమూలా తడుపుతుంది. ఆడదైతే ఏడాదికి రెండు మూడు కాన్పులు. ఏదైనా సరే అయిదారు నెలలకు ఆపరేషన్ చేయించడం మంచిది. దానివల్ల వేట మానదు. మూడు నెలల వయసులో రేబిస్ టీకా తప్పనిసరి. పిల్లి కరిచినా రక్కినా పుండును సబ్బునీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

నాలుగోది తిండి. పస్తు పెడితే ఎలుకలు బాగా పడుతుందన్నది వట్టి మాట. కడుపు నిండిన పిల్లి కూడా వేటాడుతుంది. మాడ్చిన పిల్లి పక్కింటి ఉట్టి వెతుక్కుంటుంది. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. పెరుగన్నం ఒక్కటే పెడితే చాలదు, మాంసాహారం లేనిదే దానికి చూపు, గుండె దెబ్బతింటాయి. మా వంటింట్లో నీచు లేదు గనుక మావుసీయే ఉప్పూకారం, ఉల్లిపాయ లేకుండా చేప ఉడికించి పంపేది. ఉల్లి పిల్లికి విషంతో సమానం.

ఇక అసలు మాట. పిల్లి వచ్చిందని మనం చేతులు కడుక్కోకూడదు. అది చిట్టెలుకలను పడుతుంది గాని, పెద్ద ఎలుకలకు, పందికొక్కులకు వెనకాడుతుంది. 2018లో అచ్చయిన న్యూయార్క్ పరిశోధనలో, ఎలుకలున్న చోట 79 రోజులు కెమెరాలు పెట్టి చూస్తే పిల్లులు చంపిన పెద్ద ఎలుకలు రెండంటే రెండే! కాబట్టి పందికొక్కులకు బోనే గతి. చిట్టెలుక పెన్సిల్ దూరేంత సందులోంచి కూడా వచ్చేస్తుంది. మావారు గోడల్లో సందులన్నీ సిమెంటుతో పూడ్చి, గొట్టాల చుట్టూ ఇనుప జాలీ కొట్టారు. బియ్యం బస్తాలోంచి డ్రమ్ములోకి, పట్టు చెక్కపెట్టెలోంచి రేకుపెట్టెలోకి మారాయి. బయటినుంచి రాకుండా మేం ఆపాం, లోపల మిగిలినవాటి పని పిల్లి చూసుకుంది.

పన్నెండు వారాల ఆ పిల్ల 2014లో మా ఇంటికి వచ్చింది. మొదటి రెండు వారాలు మగ్గం గదిలోనే ఉంచాం. మూడో నెలలో ఒక తెల్లవారుజామున, మా అత్తగారు దీపం పెట్టుకోబోతుంటే చిట్టెలుకను తెచ్చి సరిగ్గా ఆవిడ కాళ్ళ దగ్గర పెట్టింది. ఆవిడ వేసిన కేకకు వీధి వీధంతా లేచింది! మళ్ళీ తలస్నానం చేసి వచ్చి, కాసేపు దాన్నే చూసి, "సరే, నీ ధర్మం నువ్వు చేశావు" అన్నారు. ఆ తర్వాత మా అటక మీద పట్టు తెగలేదు.

మా అబ్బాయి ఇప్పుడు కటకంలో ఉద్యోగం చేస్తున్నాడు. సెలవులకు వచ్చినప్పుడల్లా గుమ్మంలో అడుగు పెడుతూనే, "అమ్మా, మందు గాని పెట్టారా?" అని అడుగుతాడు. లేదని చెప్పాకే చెప్పులు విడుస్తాడు.

మీరూ పిల్లిని తెచ్చుకోవాలనుకుంటే ముందు మూలల్లో ఉన్న విషం తీసేయండి. ఆ తర్వాతే తల్లి ఎలాంటిదో, పిల్ల ఎలాంటిదో చూడండి.