బ్యాటు బరువు తలలోనా, పిడిలోనా?

2023 ఏప్రిల్ 14. జపాన్‌లోని సోకా పట్టణం. బ్యాట్లు చేసే యోనెక్స్ కంపెనీ ఫ్యాక్టరీ జిమ్నాజియంలో మన అమలాపురం పిల్లవాడు సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి ఒక స్మాష్ కొట్టాడు. బ్యాటును విడిచిన క్షణంలో షటిల్ వేగం గంటకు 565 కిలోమీటర్లు. పదేళ్లుగా మలేషియా ఆటగాడు తాన్ బూన్ హియాంగ్ పేరు మీదున్న 493 కిలోమీటర్ల రికార్డు ఆ దెబ్బతో పోయింది. ఆ పూట సాత్విక్ చేతిలో ఉన్నది నానోఫ్లేర్ 1000 జెడ్ అనే బ్యాటు.

ఇంతవరకు మా బాన్సువాడ పిల్లలకు బాగానే తెలుసు. వాళ్లు పట్టించుకోని సంగతి ఒకటుంది. ఆ బ్యాటు తల తేలిక రకం! స్మాష్ కొట్టాలంటే తల బరువున్నదే కొనాలని అందరూ చెప్పేమాట. మా మనుమడు కూడా అదే నమ్మి ఆస్ట్రాక్స్ 100 జెడ్‌జెడ్ కావాలని పట్టుబట్టాడు. డెన్మార్క్ ఆటగాడు విక్టర్ ఆక్సెల్‌సెన్ ఆడింది దానితోనే; ధర పదిహేను వేల పైమాట. "తాతా, ఈ రెండిట్ల ఏది మంచిదో చెప్పు, అదే కొందాం" అన్నాడు. "ఏ చేతికి మంచిదో అడుగు బిడ్డా, అప్పుడు చెప్త" అన్నాను. ఆ ముచ్చటే ఇది.

ముందు బ్యాటు మీద రాసి ఉండే గుర్తులు చూద్దాం. యోనెక్స్ లెక్కలో 3యు అంటే 85 నుంచి 90 గ్రాముల లోపు, 4యు అంటే 80 నుంచి 85 లోపు, 5యు అంటే 75 నుంచి 80 లోపు. జి4, జి5 అనేవి పిడి లావు. అంకె పెరిగేకొద్దీ పిడి సన్నబడుతుంది. ఇక తూకం. గట్టింగ్, అంటే తీగల అల్లిక, లేని బ్యాటును వేలి మీద అడ్డంగా నిలబెడితే, నిలిచిన చోటు పిడి అంచు నుంచి సుమారు 285 నుంచి 295 మిల్లీమీటర్ల మధ్య ఉంటే సమతూకం. అంతకన్నా ఎక్కువైతే తల బరువు, తక్కువైతే తల తేలిక. ఆస్ట్రాక్స్‌లు తల బరువు, నానోఫ్లేర్‌లు తల తేలిక, ఆర్క్‌సేబర్‌లు సమతూకం. లీ నింగ్, విక్టర్ కంపెనీలు చేసేవి కూడా ఈ మూడు గుంపుల్లోనే ఎక్కడో ఒకచోట పడతాయి.

మొత్తం బరువు ఒకటే అయినా రెండు బ్యాట్లు చేతికి వేరుగా ఎందుకు తగులుతాయి? గొడ్డలిని పిడి చివర పట్టుకుని ఒకసారి, ఇనుము దగ్గర పట్టుకుని ఒకసారి ఊపి చూడండి. బరువు మారలేదు, కానీ మణికట్టుకు పడే శ్రమ ఎంతో మారింది. తిప్పేటప్పుడు బరువు ఒక్కటే లెక్కకు రాదు. ఆ బరువు చేతికి ఎంత దూరంలో ఉందో, ఆ దూరాన్ని దానితోనే గుణించి లెక్కకట్టాలి. చేతికి 60 సెంటీమీటర్ల దూరంలో బ్యాటు కొసన ఒక గ్రాము అంటిస్తే 60 ఇంటూ 60, అంటే 3,600. అదే గ్రాము చేతికి 5 సెంటీమీటర్ల దూరంలో అంటిస్తే 25. ఒకే గ్రాము, తేడా 144 రెట్లు! బరువు ఎక్కడుందో చెప్పకుండా "నా బ్యాటు 83 గ్రాములు" అంటే సగం మాటే చెప్పినట్టు. ఇట్లా తిప్పుడుకు ఎదురు తిరిగే గుణాన్ని ఆటవాళ్లు స్వింగ్ వెయిట్ అంటారు.

మరి తల బరువైతే దెబ్బ ఎంత పెరుగుతుంది? షటిల్ బరువు 4.74 నుంచి 5.50 గ్రాముల మధ్య ఉండాలని ఆట నియమం. ఐదు గ్రాములనుకుందాం. బ్యాటులో దెబ్బకు నిజంగా పనికొచ్చే బరువు 30 గ్రాములనుకుందాం. షటిల్‌కు అందే వేగం 30ని 35తో భాగించిన దాన్ని బట్టి ఉంటుంది, అంటే 0.857. తలకు పది శాతం బరువు కలిపి 33 చేశారనుకోండి: 33ని 38తో భాగిస్తే 0.868. పది శాతం బరువు మోస్తే వచ్చింది నూటికి ఒకటీ చిల్లర! ఆ బరువు వల్ల మీ చెయ్యి రెండు శాతం నెమ్మదించిందా, వచ్చింది కాస్తా పోయి చేతి నుంచి ఇంకొంచెం పోతుంది.

మా తరం వాళ్లకు ఇది వెంటనే నమ్మబుద్ధి కాదు, దానికి కారణం ఉంది. మన ఊళ్లలో మేం ముందు ఆడింది బాల్ బ్యాడ్మింటన్. పసుపుపచ్చ ఊలు బంతి 27 నుంచి 30 గ్రాములు, చెక్క బ్యాటు 165 గ్రాములకు పైనే. తడిసి వంకర పోకుండా ఆ బ్యాట్లను నాలుగు మరల చట్రంలో బిగించి దాచేవాళ్లం. అంత బరువు బంతికి బరువు బ్యాటు పనికొచ్చింది. బంతి బరువైనకొద్దీ బ్యాటు బరువుకు విలువ పెరుగుతుంది. షటిల్ దగ్గరికొచ్చేసరికి ఆ విలువ కరిగిపోతుంది, చేతి వేగమే రాజు. సోకాలో తల తేలిక బ్యాటుతో రికార్డు పడిందంటే ఆశ్చర్యపడనక్కర లేదు.

అయితే తల బరువు బ్యాటు దండగని కాదు. ఆక్సెల్‌సెన్ లాంటి పొడుగరి, కండబలం ఉన్న చెయ్యి ఆ కొద్ది బరువుకు నెమ్మదించదు. వెనక గీత దగ్గర నిలబడి కొట్టేవాళ్లకు బ్యాటు దానంతట అదే ముందుకు సాగినట్టు అనిపిస్తుంది. నెట్ దగ్గర, డబుల్స్‌లో ఎదుటివాడి స్మాష్‌ను ఆపేటప్పుడు మాత్రం ఆ తల తిరగడానికి ఆలస్యం చేస్తుంది. నన్నడిగితే, రెండు రకాల మధ్య అసలు తేడా స్మాష్‌లో కంటే డిఫెన్స్‌లోనే ఎక్కువ తెలుస్తుంది.

పిడికీ తలకీ మధ్య సన్నటి షాఫ్ట్ సంగతి కూడా చెప్పాలి. చెయ్యి ఊపగానే తల కొంచెం వెనకబడి షాఫ్ట్ వంగుతుంది, దెబ్బ తగిలే ముందు తిరిగి నిటారవుతుంది. ఆ నిటారవడం వల్ల వచ్చే వేగం మొత్తంలో కొద్ది శాతమే. కానీ సమయం కుదరాలి. పైన చెప్పిన రెండు బ్యాట్లూ మహా బిరుసు రకాలు. వేగంగా ఊపే చేతికే అవి వంగుతాయి. పదిహేనేళ్ల పిల్లవాడి చేతిలో వంగవు, దెబ్బ అదురు మాత్రం మోచేతికి ఎక్కుతుంది. ఇదే నాకు భయం. ఏడాది ఆడి మోచెయ్యి పట్టుకుని కూర్చున్న పిల్లలను చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ఇంత డబ్బు పోసి కొనేది ఏమిటి మరి? కార్బన్ పోగు. ఒక్కో పోగు తలవెంట్రుక మందంలో పదో వంతు. వాటిని జిగురులో పేర్చి, కొన్ని వరసలు నిలువుగా, కొన్ని ఏటవాలుగా చుట్టి అచ్చులో కాలుస్తారు. ఖరీదైన పోగు తక్కువ బరువులోనే ఎక్కువ బిరుసునిస్తుంది. షటిల్ నడిమధ్యలో కాక పక్కన తగిలినా తల మెలి తిరగదు, ఎక్కువ బిగువు గట్టింగ్‌ను తట్టుకుంటుంది. ఇది నిజమైన గుణమే, బాగా ఆడేవాడికి రోజూ పనికొస్తుంది. అన్నట్టు, ఆ యోనెక్స్‌ను పెట్టిన మినోరు యోనెయామా 1946లో మొదలుపెట్టింది చేపల వలలకు కట్టే చెక్క తేలుళ్లు. ప్లాస్టిక్ తేలుళ్లు వచ్చి ఆ బేరం పోయింది, 1957లో బ్యాడ్మింటన్ బ్యాట్ల పనికి మళ్లాడు. చెక్కను తేలికగా చేసే చెయ్యి ఊరికే పోలేదు.

ఇప్పుడు గాలి సంగతి. షటిల్ ఈకలకు గాలి ఎంతగా అడ్డం పడుతుందంటే, సుమారు ప్రతి 3.2 మీటర్లకు వేగం సగమైపోతుంది. 565తో బయల్దేరినది 3.2 మీటర్ల దగ్గర 280, 6.4 దగ్గర 140, కోర్టు అవతలి కొసకు చేరేసరికి 35 కంటే తక్కువ! గంటకు 200 కిలోమీటర్లతో కొట్టిన షటిల్ తొమ్మిది మీటర్లు పోవడానికి అర సెకను తీసుకుంటుంది. బ్యాటు మార్చి ఐదు శాతం వేగం పెంచారే అనుకోండి, మిగిలేది సెకనులో నలభయ్యో వంతు. పై స్థాయిలో ఆ నలభయ్యో వంతుకు పాయింట్ వస్తుంది. మన దగ్గర అర అడుగు ముందే కదిలినవాడికి అంతకన్నా ఎక్కువ మిగులుతుంది.

ఎండ కూడా లెక్కే. డిసెంబరు పొద్దున 15 డిగ్రీల చలిలో ఉన్న గాలి, మే నెలలో 42 డిగ్రీలకు సుమారు తొమ్మిది శాతం పలచబడుతుంది. వేగం సగమయ్యే దూరం 3.2 నుంచి 3.5 మీటర్లకు జరుగుతుంది. యాసంగి నాట్ల రోజుల్లో ఒక బ్యాటు, నడి ఎండాకాలంలో ఇంకో బ్యాటు ఆడి "రెండోది ఎక్కువ కొడుతుంది" అంటే, కొట్టింది బ్యాటు కాదు, ఎండ.

అందుకని పోల్చాలనుకుంటే ఇట్లా పోల్చండి. రెండు బ్యాట్లనూ గ్రిప్, గట్టింగ్‌తో సహా బంగారం దుకాణం త్రాసు మీద తూయించండి. గ్రాములో పదో వంతు కూడా తెలుస్తుంది. తూకం నిలిచే చోటును టేపుతో కొలవండి. తర్వాత పిడి చివర చుట్టూ దారం బిగించి, దారాన్ని వీలైనంత పొట్టిగా ఉంచి, మేకుకు తలకిందులుగా వేలాడదీసి చిన్నగా ఊపండి. ఫోన్ గడియారంతో ఇరవై ఊపులకు పట్టిన సమయం చూసి ఇరవైతో భాగించండి. వచ్చినదాన్ని దానితోనే గుణించి, బరువుతో, తూకం దూరంతో గుణించండి. రెండు బ్యాట్లకూ వచ్చిన అంకెల్లో ఏది పెద్దదో దానికే స్వింగ్ వెయిట్ ఎక్కువ. పిడిని బల్ల అంచుకు అదిమి తల కొసన అరకిలో వేలాడదీస్తే ఎంత కిందికి దిగిందో అదే షాఫ్ట్ మెత్తదనం.

ఆడి చూసేటప్పుడు రెండింటికీ ఒకే గట్టింగ్, ఒకే బిగువు, ఒకే రోజున కట్టించాలి. కట్టిన మొదటి రోజే కొంత బిగువు పోతుంది. ఒకటి 24 పౌన్లు, ఇంకోటి 26 అయితే మీరు పోల్చింది తీగలను. వేలితో మీటితే వాటి శబ్దంలో నాలుగు శాతం తేడా వస్తుంది, ఫోన్‌లో కొలవవచ్చు. పేర్లు కనపడకుండా కాగితం అంటించి, ఏది ఏదో తెలియని స్నేహితుడి చేత లెక్క రాయించండి.

మా వాడికి సమతూకం 4యు, మెత్తని షాఫ్ట్ ఉన్న మధ్యరకం బ్యాటు కొన్నాం. మిగిలిన డబ్బు ఈకల షటిల్‌లకూ, నెలనెలా గట్టింగ్‌కూ పెట్టాం. 22 పౌన్లతో మొదలుపెట్టాడు; చెయ్యి కుదిరాక ఒక్కో పౌను పెంచుకుంటూ పోతాడు.