స్త్రీలలో అవాంఛిత రోమాలు - మానసిక ప్రభావం

సాధారణంగా పురుషులకు మాత్రమే ముదురు వెంట్రుకలు పెరిగే చోట్ల, అనగా పై పెదవి, చుబుకం, చెంపలు, ఛాతీ, పొత్తికడుపు, వీపు, తొడలు మొదలగు భాగాలలో, స్త్రీలకు నల్లని ముతక వెంట్రుకలు పెరగడాన్ని వైద్యశాస్త్రంలో హిర్సూటిజం అంటారు. తెలుగు పత్రికలలో దీనికి అవాంఛిత రోమాలు అనే పేరు స్థిరపడింది. సంతానోత్పత్తి వయస్సులో ఉన్న స్త్రీలలో సుమారు 5 నుండి 10 శాతం మందిలో ఇది కనిపిస్తుంది. దీనివలన ప్రాణాపాయం సాధారణంగా ఉండదు. అందువలననే దీనిని కేవలం అందానికి సంబంధించిన చిన్న విషయంగా ఇంట్లోవారు, ఒక్కొక్కసారి వైద్యులు కూడా, తీసిపారవేయడం జరుగుతుంది. కాని దీనితో జీవించే స్త్రీలకు కలిగే ఆందోళన, సిగ్గు, ఒంటరితనం చాలా తీవ్రమైనవి. వెంట్రుకలకు చికిత్స ఎంత అవసరమో, ఈ బాధను గుర్తించి తగిన సహాయం అందించడం కూడా అంతే అవసరం.

శరీరంలో జరిగే మార్పు

అరచేతులు, అరికాళ్ళు, పెదవులు తప్ప మానవ శరీరమంతటా రోమకూపాలు ఉంటాయి. వీటి సంఖ్య పుట్టకముందే నిర్ణయమవుతుంది. స్త్రీపురుషులలో ఈ సంఖ్యలో పెద్ద తేడా లేదు. తేడా అంతా వెంట్రుక స్వభావంలో ఉన్నది. కంటికి సరిగా కనిపించని మెత్తని వెంట్రుకలను నూగు అంటాము. యుక్తవయస్సులో ఆండ్రోజెన్లు అనే హార్మోనుల ప్రభావం వలన కొన్ని చోట్ల ఈ నూగు ముదురు వెంట్రుకలుగా మారుతుంది. ఆండ్రోజెన్లను పురుష హార్మోనులు అని పిలవడం వాడుక అయినను, ఇవి ఆరోగ్యవంతులైన స్త్రీలందరి శరీరంలోను కొద్ది మోతాదులో తయారవుతూనే ఉంటాయి. అందుచేత ముఖంపై వెంట్రుకలు వచ్చినంత మాత్రాన ఆడతనం తగ్గిందని అనుకోవడానికి శాస్త్రీయమైన ఆధారం ఏదీ లేదు.

అవాంఛిత రోమాలకు అన్నిటికంటె ముఖ్య కారణం పాలీసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్ (పి.సి.ఓ.ఎస్). దీనిని 1935లో షికాగో నగర వైద్యులైన స్టెయిన్, లెవెంథాల్ ఒక ప్రత్యేక స్థితిగా వర్ణించారు. నెలసరి సరిగా రాకపోవడం, మొటిమలు, బరువు పెరగడం, సంతానం కలగడంలో ఆలస్యం దీనితోపాటు ఉండవచ్చును. కొందరిలో నెలసరి సక్రమంగా ఉండి, రక్తంలో హార్మోనులు మామూలు స్థాయిలోనే ఉన్నప్పటికి, రోమకూపాలు వాటికి ఎక్కువగా స్పందించడం వలన వెంట్రుకలు పెరుగుతాయి. అధివృక్క గ్రంథి లోపాలు, కుషింగ్ సిండ్రోమ్, డానజోల్ వంటి కొన్ని మందులు ఇతర కారణాలు. చర్మం తెల్లబడుతుందనే ఆశతో వైద్యుని చీటీ లేకుండా మందుల దుకాణంలో కొని నెలల తరబడి ముఖానికి రాసుకునే స్టెరాయిడ్ లేపనాల వలన కూడా ముఖంపై వెంట్రుకలు పెరుగుతాయి. మన దేశంలో ఈ దురలవాటు చాలా ఎక్కువ.

వెంట్రుకలు కొద్ది నెలలలోనే వేగంగా పెరగడం, గొంతు బొంగురుపోవడం, నడినెత్తిపై జుట్టు పలచబడడం వంటివి కలిసి కనిపించినచో ఆలస్యం చేయక వైద్యుని చూడవలెను. అరుదుగా అండాశయంలోగాని అధివృక్క గ్రంథిలోగాని కణితి ఉండే అవకాశం కలదు.

కొలతకు అందని బాధ

వెంట్రుకల పెరుగుదలను కొలవడానికి వైద్యులు ఫెర్రిమన్-గాల్వే కొలమానాన్ని వాడుతారు. 1961లో రూపొందిన ఈ పద్ధతిని తరువాత కొంత మార్చారు. ఇప్పుడు శరీరంలో 9 భాగాలను పరిశీలించి ఒక్కొక్కదానికి 0 నుండి 4 వరకు మార్కులు వేస్తారు. మొత్తం 36. సాధారణంగా 8 అంతకు మించి వస్తే హిర్సూటిజంగా పరిగణిస్తారు గాని, ఈ హద్దు జాతిని బట్టి మారుతుంది. చైనా, జపాను స్త్రీలతో పోల్చితే దక్షిణాసియా, మధ్యధరా ప్రాంతాల స్త్రీలకు సహజంగానే వెంట్రుకలు ఎక్కువ.

అయితే ఈ మార్కులకు, మనసులోని బాధకు గట్టి సంబంధం లేదు. చుబుకంపై నాలుగు వెంట్రుకలు ఉన్న యువతి కళాశాల మానివేయవచ్చును. అంతకంటె ఎన్నో రెట్లు ఉన్న మరొక స్త్రీ వాటిని పట్టించుకోకపోవచ్చును. కనుక "నీకు ఉన్నవి ఎన్ని, అంతమాత్రానికే ఇంత దిగులా" అనే ఓదార్పు పనికిరాదు. అది ఆమె బాధను తగ్గించదు సరికదా, చెప్పుకోవడానికి ఉన్న ఒక్క దారిని కూడా మూసివేస్తుంది.

ముఖంపై వెంట్రుకలు ఉన్న 88 మంది స్త్రీలపై బ్రిటన్ పరిశోధకులు జరిపి 2006లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో చాలా వివరాలు వెల్లడించింది. వారు వెంట్రుకల తొలగింపు కొరకు సగటున వారానికి 104 నిమిషాలు వెచ్చించేవారు. 67 శాతం మంది పదే పదే అద్దంలో చూసుకునేవారు, 76 శాతం మంది చేతితో తడిమి చూసుకునేవారు. నలుగురిలోకి వెళ్ళడం ఇబ్బందిగా ఉన్నదని 40 శాతం మంది చెప్పారు. చికిత్స అవసరమైన స్థాయిలో ఆందోళన 75 శాతం మందిలో, కుంగుబాటు 30 శాతం మందిలో కనిపించింది.

ఈ తడిమి చూసుకోవడం గురించి కొంత వివరించవలెను. గరుకు తగులుతుందేమోనని వేలు చుబుకం మీదకు పోతుంది. తగలగానే గుండె దడ మొదలవుతుంది. వెంటనే చేతిసంచిలోని పట్టకారుతో (ప్లక్కర్) దానిని పీకివేస్తే క్షణకాలం ఊరట కలుగుతుంది. ఆ ఊరట రుచి మరిగిన మనసు, ఇంకొక అరగంటకు మరల వేలిని అక్కడికే పంపుతుంది. ఈ విధంగా పరీక్షించుకోవడమే ఆందోళనను పెంచి పోషిస్తుంది. దీనికి తోడు దాచుకోవడం కూడా ఒక పెద్ద పనిగా మారుతుంది. మాట్లాడునప్పుడు గడ్డం కింద చేయి పెట్టుకోవడం, కిటికీ వెలుగుకు ఎదురుగా కూర్చోకపోవడం, ఎండాకాలంలోను పొడవు చేతుల రవికలు తొడగడం, హాస్టలు గదిలో అందరికంటె ముందు లేచి స్నానాలగదికి పోవడం, పెళ్ళయిన తరువాత భర్తకు సైతం తెలియనీయక గొళ్ళెం పెట్టుకొని షేవింగు చేసుకోవడం - ఇవన్నీ ఇందులో భాగములే. ఎవరికీ తెలియలేదనే ధైర్యం ఒక్క రోజు కూడా నిలవదు. తెలిసిపోతుందేమోననే భయం మాత్రం రోజూ ఉంటుంది.

భాష, సమాజం

తెలుగులో మీసం అనే మాట పౌరుషానికి మారుపేరు. మీసం మెలివేయడం, మీసం దువ్వడం, మీసం తీయించుకుంటానని పందెం కాయడం అన్నీ మగతనంతో ముడిపడిన పలుకుబళ్ళే. అటువంటి మాటను పదమూడేళ్ళ బాలికకు తరగతిలో పేరుగా తగిలిస్తే ఆమెకు కలిగే అవమానం ఊహించవచ్చును.

ఆశ్చర్యకరమైన విషయమేమనగా, ఇదే భాషలో స్త్రీ శరీరంపై రోమాలు ఒకప్పుడు అందానికి గుర్తుగా ఉండేవి. నాభి నుండి పైకి సాగే సన్నని రోమాల వరుసను నూగారు అంటారు. సంస్కృతంలో ఇది రోమావళి. ప్రబంధకవులు నాయికను వర్ణించునప్పుడు నూగారును విడిచిపెట్టిన సందర్భాలు తక్కువ. నేటి బ్యూటీ పార్లరు ధరల పట్టికలో అదే నూగారు తొలగించవలసిన వాటి జాబితాలో ఉంటుంది. అందం గూర్చిన అభిప్రాయాలు కాలాన్ని బట్టి మారుతాయనడానికి ఇంతకంటె దగ్గరి ఉదాహరణ దొరకదు.

తెలుగు ఇళ్ళలో ఆడశిశువుకు సున్నిపిండితో నలుగు పెడితే వెంట్రుకలు రావని నమ్మకం. యుక్తవయస్సులో పసుపు, ముఖ్యంగా కస్తూరి పసుపు రాయిస్తారు. నలుగు వలన పైపైన ఉన్న నూగు కొంత రాలవచ్చును గాని, చర్మం లోపలి రోమకూపం నశించదు. ఈ నమ్మకం వలన కలిగే నష్టం వేరే ఉన్నది. వెంట్రుకలు వచ్చిన అమ్మాయిని చూసి "చిన్నప్పుడు సరిగా నలుగు పెట్టలేదు" అని తల్లిని, "పసుపు రాసుకోదు, బద్ధకం" అని అమ్మాయిని తప్పుపడతారు. హార్మోనుల వలన వచ్చిన స్థితి ఈ విధంగా ఒకరి నేరమైపోతుంది. ఇక పెళ్ళిచూపుల సమయం వచ్చేసరికి ఈ ఒత్తిడి రెట్టింపవుతుంది.

2024 ఏప్రిల్‌లో ఉత్తరప్రదేశ్ పదవ తరగతి పరీక్షలలో 98.5 శాతం మార్కులతో రాష్ట్రంలో ప్రథమ స్థానం పొందిన బాలిక ఛాయాచిత్రం వెలువడగానే, ఆమె మార్కులను వదిలి ముఖంపై ఉన్న రోమాలను అపహాస్యం చేస్తూ సామాజిక మాధ్యమాలలో వేలాదిమంది వ్యాఖ్యలు వ్రాశారు. ఆమెకు మద్దతుగా మాట్లాడినవారు కూడా చాలామంది ఉన్నారు. ఆ సందర్భాన్ని షేవింగు సామగ్రి అమ్మే ఒక సంస్థ తన ప్రకటనకు వాడుకొని విమర్శల పాలయింది.

మనసును నిలబెట్టుకొనే మార్గాలు

మొదటిది కారణం తెలుసుకోవడం. "నాకే ఎందుకిలా" అనే ప్రశ్నకు పి.సి.ఓ.ఎస్ అనో, వంశపారంపర్యమనో జవాబు దొరికిన తరువాత చాలామందికి తమపై తమకు ఉన్న ఏవగింపు తగ్గుతుంది. తల్లికి, మేనత్తకు, అక్కకు కూడా ఇదే సమస్య ఉండి, ఒకరికొకరు చెప్పుకోక ఎవరికి వారే దాచుకున్న కుటుంబాలు ఉంటాయి. కాబట్టి నమ్మకమైన ఒక్కరికి చెప్పుకోవడం రెండవది. ఊరందరికీ చెప్పనవసరం లేదు.

అద్దంలో చూసుకోవడాన్ని, తడుముకోవడాన్ని ఒక్కసారిగా మానుకోవడం కష్టం. రోజులో దానికి ఒక వేళ నిర్ణయించుకొని, మిగిలిన సమయంలో చేయి పైకి పోయినప్పుడు దానిని గమనించి వెనుకకు తీసుకోవడం అభ్యాసం చేయవలెను. భూతద్దం వంటి అద్దాలను పక్కన పెట్టడం మంచిది, ఎందుకనగా ఎదుటివారు ఎవరూ అంత దగ్గరగా చూడరు. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అనే మానసిక చికిత్సలో ఇటువంటి అలవాట్లతోపాటు ఆలోచనలను కూడా పరీక్షకు పెడతారు. ఉదాహరణకు "బస్సులో అందరూ నా గడ్డమే చూస్తున్నారు" అని నమ్మే యువతి, ఒక రోజు బస్సులో తల దించక, నిజంగా ఎంతమంది చూశారో లెక్క పెడుతుంది. ఒకరిద్దరు చూడవచ్చును కూడా. అప్పుడు ఏమి జరిగింది, తాను ఎంతవరకు తట్టుకోగలిగింది అనేది చికిత్సకునితో చర్చిస్తుంది. ఎవరూ చూడరని అబద్ధపు హామీ ఇవ్వడం ఈ పద్ధతి ఉద్దేశం కాదు.

వెంట్రుకలు తొలగించుకోవడం బలహీనత కాదు. తొలగించుకోకపోవడం అశుభ్రతా కాదు. నిర్ణయం ఆమెది. కూతురు అడగకముందే తల్లి పార్లరుకు లాక్కుపోవడం, అడిగినప్పుడు "ఈ వయసులో షోకులేమిటి" అని కసరడం, రెండూ హాని చేసేవే. తరగతిలో ఎగతాళి జరిగినప్పుడు ఉపాధ్యాయులు బాధిత బాలికను అందరిముందు నిలబెట్టి ఉపన్యాసం చెప్పరాదు. ఎగతాళి చేసినవారిని విడిగా పిలిచి మందలించడం, ఆమెతో వేరుగా మాట్లాడడం సరియైన పద్ధతి.

రెండు వారాలకు మించి దిగులు, నిద్రలేమి, ఏ పనిపైనా ఆసక్తి లేకపోవడం ఉంటే మానసిక వైద్యుని సంప్రదించవలెను. పి.సి.ఓ.ఎస్ ఉన్నదని తేలిన ప్రతి స్త్రీని ఆందోళన, కుంగుబాటు గురించి కూడా పరీక్షించవలెనని 2023లో వెలువడిన అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు సూచించాయి. చనిపోవాలనే ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగరాదు. భారత ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యపై ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చును.

చికిత్స, అపోహలు

షేవింగు చేస్తే వెంట్రుకలు దట్టంగా వస్తాయనేది నిజం కాదు. ఈ సంగతి 1928లోనే మిల్డ్రెడ్ ట్రాటర్ ప్రయోగాలలో తేలింది. తెగిన కొన మొద్దుగా ఉండడం వలన గరుకుగా తోస్తుంది, అంతే. త్రెడ్డింగ్, వాక్సింగ్ తాత్కాలికమైనవి. పదే పదే పీకడం వలన చర్మంపై నల్లమచ్చలు, సెగ్గడ్డలు రావచ్చును.

వైద్యులు సాధారణంగా గర్భనిరోధక మాత్రలు, అవసరమైతే స్పైరోనోలాక్టోన్ వంటి మందులు ఇస్తారు. స్పైరోనోలాక్టోన్‌ను గర్భవతులు వాడరాదు. వెంట్రుక జీవితచక్రం దీర్ఘమైనది కనుక మందుల ఫలితం కనిపించడానికి కనీసం 6 నెలలు పడుతుంది. ఈ సంగతి ముందుగా చెప్పకపోవడం వలన చాలామంది రెండవ నెలలోనే నిరాశపడి మానివేస్తారు.

లేజరు చికిత్స వెంట్రుకలను చాలావరకు తగ్గిస్తుంది గాని పూర్తిగా నిర్మూలిస్తుందని చెప్పలేము. చామనఛాయ, నలుపు చర్మానికి 1064 నానోమీటర్ల ఎన్‌డి-యాగ్ లేజరు వలన కాలే ప్రమాదం తక్కువ. కొద్దిమందిలో లేజరు తరువాత చుట్టుపక్కల వెంట్రుకలు పెరగడం కూడా కద్దు. విద్యుత్తుతో ఒక్కొక్క రోమకూపాన్ని నాశనం చేసే ఎలక్ట్రాలిసిస్ శాశ్వతమైనది. దీనిని 1875లో చార్లెస్ మిషెల్ అనే అమెరికా నేత్రవైద్యుడు కంటిలోనికి పెరిగే రెప్పవెంట్రుకల కొరకు కనిపెట్టాడు.

2005లో ప్రచురితమైన ఒక బ్రిటిషు అధ్యయనంలో, పూర్తి శక్తితో లేజరు చికిత్స పొందిన పి.సి.ఓ.ఎస్ స్త్రీలు వెంట్రుకల తొలగింపుకు వెచ్చించే సమయం 6 నెలలలో వారానికి 112 నిమిషాల నుండి 21 నిమిషాలకు తగ్గింది. వారి ఆందోళన, కుంగుబాటు కూడా తగ్గాయి. అంటే కొందరికి చర్మవైద్యుని చికిత్సే మనసుకు కూడా మందు.

ప్రసిద్ధులు

శరీరమంతటా వెంట్రుకలు పెరిగే హైపర్‌ట్రికోసిస్ అనేది హిర్సూటిజం కంటె భిన్నమైన, అరుదైన స్థితి. 1834లో మెక్సికోలో జన్మించిన జూలియా పస్త్రానా ఈ స్థితితో పుట్టింది. ఆమె గాయని, నర్తకి. అయినను యూరపు, అమెరికాలలో ఆమెను వింతజంతువు వలె ప్రదర్శించి డబ్బు సంపాదించారు. 1860లో మాస్కోలో ప్రసవానంతరం మరణించిన తరువాత కూడా ఆమె భౌతికకాయాన్ని ఊరూరా త్రిప్పారు. 2013 ఫిబ్రవరిలో మాత్రమే ఆమె స్వంత రాష్ట్రమైన సినలోవాలో ఖననం జరిగింది.

బ్రిటన్‌కు చెందిన హర్నామ్ కౌర్ 1990లో జన్మించింది. పి.సి.ఓ.ఎస్ వలన బాల్యంలోనే గడ్డం రావడం మొదలయి పాఠశాలలో తీవ్రమైన వేధింపులకు గురయింది. ఆత్మహత్య ఆలోచనల నుండి బయటపడిన తరువాత, పదహారేళ్ళ వయసులో సిక్కు దీక్ష స్వీకరించి గడ్డం తీయడం మానివేసింది. పూర్తి గడ్డం కలిగిన అతి పిన్న వయస్కురాలిగా గిన్నిస్ పుస్తకంలో ఆమె పేరు నమోదయింది. శరీరరూపం కారణంగా జరిగే వేధింపులకు వ్యతిరేకంగా ఆమె ఉపన్యాసాలు ఇస్తున్నది.