దీర్ఘ వ్యాయామంలో జీవక్రియ: ఇన్సులిన్ తగ్గుదల ప్రయోజనం

1924లో బోస్టన్ మారథాన్ ముగించిన క్రీడాకారుల రక్తాన్ని వైద్యులు పరీక్షించారు. బాగా నీరసించినవారిలో రక్తంలోని గ్లూకోజు గణనీయంగా తగ్గినట్లు తేలింది. మరుసటి ఏడాది ముందుగా పిండిపదార్థాలు, పరుగు మధ్యలో మిఠాయి ఇవ్వగా ఆ స్థితి చాలావరకు తప్పింది. పరుగులో గ్లూకోజు నిలకడ ఎంత కీలకమో దీనివల్ల స్పష్టమైంది.

ఆ నిలకడను కాపాడేవి హార్మోన్లు. విశ్రాంతి వేళ, భోజనానంతరం కండరాలు గ్లూకోజును గ్రహించడానికి ఇన్సులిన్ తోడ్పడుతుంది. దీర్ఘ వ్యాయామంలో మాత్రం క్లోమం ఇన్సులిన్ స్రావాన్ని తగ్గిస్తుంది. అయినా కండరాలకు కొరత రాదు; కండర సంకోచమే గ్లూకోజు వాహకాలను కణత్వచానికి చేరుస్తుంది. ఇన్సులిన్ అదుపు సడలినందున గ్లూకగాన్ ప్రభావంతో కాలేయం గ్లూకోజును విడుదల చేస్తుంది. అడ్రినలిన్ ప్రభావంతో కొవ్వు కణజాలం కొవ్వు ఆమ్లాలను విడుదల చేస్తుంది. కాలేయంలోని గ్లైకోజెన్ నిల్వ సుమారు 100 గ్రాములే. కండరాలు కొవ్వును వినియోగించుకొన్నంత మేరకు మెదడుకు గ్లూకోజు మిగులుతుంది.

ఇన్సులిన్‌ను సూదిమందుగా తీసుకొనే మధుమేహ రోగిలో ఈ సహజమైన తగ్గుదల ఉండదు. మందు కాలేయాన్ని అణచివేస్తుండగానే కండరాలు గ్లూకోజును వాడుకొంటాయి. ఫలితంగా రక్తంలో గ్లూకోజు ప్రమాదకరంగా పడిపోవచ్చు. కనుక అటువంటివారు వ్యాయామానికి ముందే వైద్యుని సలహాతో మోతాదును, ఆహారాన్ని సవరించుకోవడం అవసరం.